దూరపు గుమాస్తా వేతనము

పూర్వము పాలేరుకు ఏడాది పొడవునను గింజలు కొలిచెడివారము; కోతకూలికి ఆనాటి కూలియే. దినపు లెక్క చూచిన కోతకూలిదే హెచ్చు. కోతలు లేని దినముల భారము అతనిదే గనుక అది న్యాయము.

నేడు ఇంటనుండియే కంప్యూటరు మూలమున పలువురు వర్తకులకు లెక్కలు వ్రాయుచు, ఉత్తరములకు బదులిచ్చువారు కలరు. వారిని వర్చువల్ అసిస్టెంట్లందురు. మనము దూరపు గుమాస్తాలందము. గంటకు 200 రూపాయలడిగిన వర్తకుడు ఉలికిపడును. "నెలకు 20,000 ఇచ్చిన గుమాస్తా దొరకును. 26 దినములు, దినమునకు 8 గంటలు, వెరసి 208 గంటలు. గంటకు 96 రూపాయలే కదా!" యనును.

ఈ లెక్కలో లోపమున్నది. దుకాణపు గుమాస్తాకు బేరములేని వేళను సైతము జీతము నడచును. దీపము, కుర్చీ యజమానివి. దూరపు గుమాస్తాకు కంప్యూటరు, విద్యుత్తు, ఇంటర్నెట్టు తనవే. అందులకు నెలకు 4,000 అనుకొందము. కొత్త ఖాతాలు వెదకుటకును, బాకీలు వసూలు చేయుటకును పోగా, కూలి వచ్చు గంటలు 120 అనుకొందము. 20,000కు 4,000 కలిపి 120చే భాగించిన 200 వచ్చును.

ఇందు వర్తకునకు నష్టము లేదు. నెలకు 20 గంటల పనియే యున్న 4,000తో తీరును. 100 గంటలు దాటినచో జీతపు గుమాస్తాయే మేలు.

పరిమాణము తెలియని పనికి గంటల లెక్కయు, నెలనెలా వచ్చు పనికి గుత్తయు, హద్దు తెలిసిన పనికి పనివారీ ధరయు తగును. పని, గడువు, అదనపు పనికి రుసుము ముందే కాగితముపై వ్రాసికొనవలెను. బేరమాడి సగమునకు దించినచో, పన్నుల గడువునాటికి ఆ గుమాస్తా వేరొక ఖాతా చూచికొనును. మన లెక్కలు నడుమనే నిలిచిపోవును. తగిన కూలి యిచ్చుట ధర్మమే కాదు, వర్తకమున లాభము కూడ.