మొరము బాటలకు టైరుల యెంపిక

సైకిలు టైరులను గుఱించి స్త్రీల పత్రికలో వ్రాయుట యేమని కొందఱు సోదరీమణులు నవ్వుకొనవచ్చును. పోయిన సంవత్సరము వఱకు నేనును అట్లే నవ్వుకొనుచుండెడిదానను. బియ్యమును చేత నలిపి, పప్పును పంట కొఱికి చూచి కొనెడి మనము, టైరు మాట వచ్చినప్పుడు మాత్రము దుకాణదారు చేతికిచ్చినదే టైరని తలయూపుదుము. కాని నేడు మన యాడుబిడ్డలు బడికే గాక పందెములకును సైకిలెక్కి పోవ నుత్సహించుచున్నారు. ఆ పందెములలో నిప్పుడు లోకమెల్లను మెచ్చుచున్నవి నున్నని తారురోడ్డుమీద జరుగునవి కావు. కంకర బాటలమీదను, మన్నుదారులమీదను, అడవి త్రోవలవెంటను జరుగునవి. గ్రావెలు పందెములని వాటికి పేరు. అట్టి బాటమీద బిడ్డకును నేలకును నడుమ నున్నది రెండు వ్రేళ్ల వెడల్పు గల రబ్బరు మాత్రమే. అది యెట్టిదో తల్లి యెఱుగకుండుట న్యాయమా?

మా చెల్లెలి కాపురము జనగామకు చేరువనున్న యొక పల్లెలో. దాని కుమార్తె చిన్నపిల్లలకు పాఠములు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో, ఒకరు వాడి విడిచిన గ్రావెలు సైకిలును కొనుక్కొన్నది. పొరుగు రాష్ట్రములో జరుగు పందెమునకు పోయెదనని పట్టుపట్టినది. తల్లికి సుతరామును ఇష్టము లేదు. "మొరంబాట మీద జారి పడితే మోకాలు చిప్ప మిగుల్తదా అక్కా?" అని నాతో మొఱపెట్టుకొన్నది. నేను మధ్యవర్తిగా పోయితిని. చూతునుగదా, సైకిలు బాగుగనే యున్నది. టైరులు మాత్రము ఎండకు నెఱ్ఱెలు వాఱి యున్నవి. ముందు టైరులు మార్పింతము, పిదప మాటలాడుదమని చెప్పి, పిల్లను వెంటబెట్టుకొని పట్నములో నొక దుకాణమునకు పోయితిని.

పాత టైరుమీద 28 అని యున్నది. మేమును 28 అని యడిగితిమి. దుకాణదారు 28 అని యున్న దానినే యిచ్చెను. ఇంటికి వచ్చి యెక్కించుచు, "గుంజే పని లేకుండనే ఎక్కింది పెద్దమ్మా!" అని పిల్ల మురిసిపోయినది. నేనును మురిసితిని. గాలి కొట్టుచుండగా టైరు ఒకవైపున కడుపు వలె ఉబ్బి, రిమ్మును విడిచి బయటికి వచ్చి, ట్యూబు దీపావళి టపాకాయ వలె పేలిపోయినది. వాకిట నుండగా పేలినది గనుక సరిపోయినది. అదే ఏటవాలు బాటలో పేలియుండినచో, మా చెల్లెలి భయమును కాదనుటకు నాకు నోరుండెడిది కాదు.

తప్పెక్కడ నున్నదో తెలిసికొనుటకు నాకు కొన్ని దినములు పట్టినది. టైరుమీద అంగుళముల లెక్క మాయలాడి. మన పల్లెలలో పాలవాండ్రు, తపాలావాండ్రు తరతరములుగా త్రొక్కిన పెద్ద సైకిలు టైరుమీద 28, దానిప్రక్కన ఒకటిన్నర అని భిన్నములో నుండును. క్రొత్తరకపు సన్న సైకిలు టైరుమీద 28, దానిప్రక్కన 1.50 అని దశాంశములో నుండును. బడిలో మనము నేర్చిన గణితము ప్రకారము ఒకటిన్నరయు, 1.50యు ఒక్కటే. టైరుల లోకములో కాదు! మొదటిది కూర్చుండు రిమ్ము అడ్డుకొలత 635 మిల్లీమీటరులు, రెండవది 622. ఆ పదుమూడు మిల్లీమీటరుల వదులే మా టైరును బయటికి దుమికించినది. అందుచేత అంగుళముల జోలికి పోవలదు. ప్రతి మంచి టైరు ప్రక్కనను 40-622 వంటి జంట సంఖ్య యచ్చొత్తి యుండును. మొదటి సంఖ్య వెడల్పు, రెండవది రిమ్ముపై కూర్చుండు చోటి అడ్డుకొలత. రెండవ సంఖ్య పాత టైరుమీద నున్న దానితో అక్షరాల సరిపోవలయును. గ్రావెలు సైకిళ్లకు సామాన్యముగా 622 ఉండును, కొన్నింటికి 584. ఈ సంఖ్యను కాగితముమీద వ్రాసికొనిపోయి యడుగుడు, నోటిమాటగా నడుగవలదు.

గాలి టైరు పుట్టుకయే యొక యింటి కథ యని యెందఱికి తెలియును? 1888లో బెల్‌ఫాస్టు నగరములో జాన్ బాయ్డ్ డన్‌లప్ అను పశువైద్యుడు, తన చిన్న కుమారుని మూడుచక్రముల బండి గట్టి రబ్బరు చక్రములతో కుదుపులు పెట్టుచుండగా చూడలేక, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనునతడు ఇట్టి దానికే హక్కుపత్రము పొందియుండెననియు, అందుచేత డన్‌లప్ హక్కు నిలువలేదనియు పిమ్మట తేలినది. ఐనను లోకమునకు గాలి టైరు నలవాటు చేసినది ఆ తండ్రి ప్రేమయే.

ఇక వెడల్పు సంగతి. సన్నని టైరు వడిగా పోవునని మనకొక నమ్మకము. అద్దము వంటి రోడ్డుమీద అది కొంత నిజము కావచ్చును. మొరముమీద కాదు. ఇనుపపట్టా చక్రముల యెడ్లబండి రాళ్లమీద పోవునప్పుడు చూచియుందురు. ప్రతి రాతికిని బండి యెగిరి పడుచుండును. ఎద్దుల బలములో కొంత బండిని ముందుకు లాగుటకు గాక పైకెత్తుటకే ఖర్చగును. గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు చేయునదియు నదియే. వెడల్పు టైరు కొంచెము మెత్తగా నున్నచో చిన్న రాతిని తనలో నిముడ్చుకొని సాగిపోవును. బిడ్డ చేతులును, నడుమును బ్రతుకును.

ఎంత వెడల్పు కావలయుననునది బాటనుబట్టి యుండును. ఈ సంగతి నాకు మా పిల్లతో మూడు జిల్లాలు తిరిగినప్పుడు తెలిసినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును 2016లో జిల్లాలైనవి. ఒకదానికొకటి ఎంతో దూరము కాదు. నేలలు మాత్రము అక్కచెల్లెండ్ర వలె వేఱువేఱు గుణములవి.

జనగామ వైపు ఎఱ్ఱ చెల్కలు, గట్టి మొరము. ఎండకాలములో నేల బండవలె బిగిసి, దానిపై సన్న గులక చల్లినట్లుండును. ఇచట బురద భయము తక్కువ, జారుడు భయమెక్కువ. అన్నిటికంటె మించినది ముండ్ల భయము. పల్లేరుకాయ యెట్లు పడినను ఒక ముల్లు పైకే యుండును గదా! దానికి తోడు సర్కారు తుమ్మ. ఇచటికి 40 మిల్లీమీటరుల వెడల్పు చాలును. నడుమ నున్నగాను, అంచుల వెంట చిన్న బొడిపెలును గల టైరు మంచిది. తిన్నగా పోవునప్పుడు నడుమ భాగము వడి నిచ్చును, మలుపులో ఒరిగినప్పుడు అంచు బొడిపెలు గులకను పట్టుకొనును.

మహబూబాబాదును పెద్దలు నేటికిని మానుకోట యనియే యందురు. అచట చెఱువులు, వరిమళ్లు, మిరపచేలు. తండాలకు పోవు బాటలు ఎండలో బాగుగనే యుండును. ఒక్క వాన కురిసినచో నల్లరేగడి యున్న చోట చక్రమును పట్టి విడువదు. మేము పోయిన దినమున అర్ధగంట వాన పడినది. మన్ను టైరును చుట్టుకొని, ఫోర్కు నడుమ నిండి, చక్రము తిరుగుటయే మానివేసినది. పిల్ల సైకిలును భుజమున మోసికొని చెఱువుకట్ట దాటినది. అందుచేత టైరు ఎంత వెడల్పైనను, దానికిని ఫోర్కునకును నడుమ ఇరువైపుల చిటికెనవ్రేలు దూఱునంత సందుండవలయును. వెడల్పు మంచిదని సందు లేకుండ నెక్కించుట తెలివి కాదు. బురదకు బొడిపెలు ఎత్తుగాను, దూరదూరముగాను ఉండవలయును. పిండి కలుపునప్పుడు ఎడమైన వ్రేళ్లకంటె దగ్గఱగా చేర్చిన వ్రేళ్ల నడుమనే ముద్ద యెక్కువగా నిలుచును, టైరునకును అంతే.

భూపాలపల్లి బొగ్గుగనుల సీమ. లారీల ఒత్తిడికి రోడ్డంచులు చిట్లి, మొనదేలిన రాళ్లు పైకి తేలియుండును. అడవి లోనికి పోయినకొలది దారి మెత్తబడును. కాళేశ్వరము వైపు గోదావరి యొడ్డున ఇసుకయే. ఇసుకలో సన్న టైరు కత్తి వలె దిగిపోవును. అచట 45 గాని 50 గాని మిల్లీమీటరుల టైరు కావలయును. ప్రక్కగోడలు దళసరిగా నుండవలయును, ఏలయన మొనగల రాయి చీల్చునది తఱచుగా ప్రక్కగోడనే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా పట్టణములో 2006 నుండి ప్రసిద్ధమైన గ్రావెలు పందెము జరుగుచున్నది. ముఖ్యమైన దారి 200 మైళ్లు. అచటి చెకుముకి రాళ్లు టైరులను కోయుటలో పేరుమోసినవి. ఇటీవల అచట పెక్కండ్రు పోటీదారులు కొండసైకిలునకు వాడు రెండంగుళములకు మించిన టైరులనే యెక్కించుచున్నారు. సన్న టైరే వడియను మాట వారే మానినప్పుడు మనకేల?

ముందు వెనుక చక్రములకు ఒకే టైరు ఉండవలయునను నియమము లేదు. వెనుక చక్రము జాఱినచో పిల్ల తమాయించుకొనవచ్చును; ముందుది జాఱినచో నేలను చూడవలసినదే. కాబట్టి పట్టుగల టైరు, వెడల్పు టైరు ముందునకు.

అన్నిటికంటె చౌకయైనదియు, అందఱును పాడుచేయునదియు గాలి. దుకాణములో బొటనవ్రేలితో నొక్కి చూచి, రాయివలె నగువఱకు కొట్టి పంపుదురు. టైరు ప్రక్కన వ్రాసియుండు పెద్ద సంఖ్య మీఱరాని హద్దు గాని, కొట్టవలసిన కొలత కాదు. 55 కిలోల పిల్లకు, 40 మిల్లీమీటరుల టైరునకు, ట్యూబు లేని పద్ధతిలో చదరపు అంగుళమునకు 28 మొదలు 32 పౌనుల వఱకు చాలును. ట్యూబున్నచో నాలుగైదు పౌనులు ఎక్కువ. వెనుకకంటె ముందు రెండు పౌనులు తక్కువ. మఱీ తగ్గించినచో రాయి తగిలినప్పుడు టైరు రిమ్మువఱకు నలిగి, ట్యూబునకు పాముకాటు వలె రెండు గాట్లు పడును. అట్టి జంట గాట్లు కనబడినచో ముల్లును వెదకవలదు, గాలి చాలలేదని యెఱుగుడు. గాలిని కొలుచు చిన్న గేజి నొకటి యింటనుంచుకొనుట మేలు.

ముండ్లకు విరుగుడు ట్యూబు లేని టైరు. దీనిలో పాల వంటి రబ్బరు ద్రవము పోయుదురు. ముల్లు గ్రుచ్చినచోటికి అది పాఱి గడ్డకట్టి రంధ్రమును మూయును. పల్లేరుకాయల సీమకు ఇంతకు మించినది లేదు. కాని మన యెండలకు ఆ ద్రవము త్వరగా నెండిపోవును; నెల రెండు నెలలకొకసారి చూచి మఱల పోయవలయును. దీనికి రిమ్మును, టైరును తగినవై యుండవలయును. ఏ టైరు పడిన ఆ టైరునకు చేయరాదు. చీరకు పడినచో తడిగా నుండగనే కడుగుడు. ఎండిన పిదప వదలదు. నా నేతచీర సాక్షి.

ఇది యున్నను, ఒక ట్యూబు, పంపు, ప్యాచీలు బిడ్డవెంట నుండవలసినదే. క్రొత్త ట్యూబు పెట్టుటకు ముందు పాత నూలుగుడ్డను టైరు లోపల చుట్టు త్రిప్పవలయును. దాగియున్న ముల్లు గుడ్డను పట్టి చెప్పును. చేతితో తడిమినచో వ్రేలికి దిగును. టైరు చీలినచో పాత టైరు ముక్కను లోపల అతికించి యిల్లు చేరవచ్చును.

మా చెల్లెలికి నేను రెండు సంగతులు చెప్పితిని. 1991 ప్రాంతమున తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యతోద్యమముతో బాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. నవ్వినవారు నవ్వగనే వారు నేర్చిరి. గ్రావెలు పందెములకు లోకచాంపియను బిరుదు 2022లో ఇటలీలో మొదలైనది. 2024లో బెల్జియములో ఆ బిరుదును గెలిచిన డచ్చి వనిత మరియానె వోస్ వయస్సు అప్పటికి 37 ఏండ్లు. మొదటి మాటకు చెల్లెలు ఊకొట్టినది, రెండవ మాటకు, "మఱి ఆమె టైర్లు ఎట్లాంటివి?" అని యడిగినది. అప్పుడే సగము ఒప్పుకొన్నదని నాకు తెలిసినది.

చివరకు పాత టైరులు రెంటిని తీసివేసి, సంఖ్యలు చూచి, ముందునకు 45, వెనుకకు 40 తెప్పించితిమి. ట్యూబు లేని పద్ధతి. పందెము వచ్చు నెలలో. పిల్ల తెల్లవాఱుజామున పాలకుర్తి బాటలో త్రొక్కుచున్నది. గడప దాటకముందే మా చెల్లెలు గేజి చేతబట్టుకొని వాకిట నిలుచుండును. ముందు 29, వెనుక 31 పలికినగాని గేటు తీయదు.