నాలుగు శతాబ్దాల వరదలకు సాక్షి పురానాపూల్

హైదరాబాదు: అనంతగిరి కొండల్లో గట్టి వాన పడిందంటే హైదరాబాదులో మూసీ ఒడ్డున కాపురముండే వారికి కంటి మీద కునుకు ఉండదు. శ్రీనగర్ కాలనీ, పంజగుట్ట నదికి దూరమే అయినా, అక్కడి వాననీరూ చివరకు చేరేది మూసీకే. నాలాల గుండా ఆ నీరు హుస్సేన్‌సాగర్‌లో పడుతుంది. సాగర్ నిండితే మిగులు నీరు గోల్నాక వైపు పారి నదిలో కలుస్తుంది.

ఈ నది ఉగ్రరూపాన్ని నాలుగు శతాబ్దాలకు పైగా చూస్తున్నది పురానాపూల్. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా 1578లో దీనిని కట్టించాడు. హైదరాబాదు నగరం వెలిసింది 1591లో. అంటే ఊరి కంటే వంతెనే పెద్దది! ప్రియురాలి కోసం వరదలో నది దాటిన కొడుకు కోసమే తండ్రి వంతెన వేయించాడని జనం చెప్పుకుంటారు. అయితే అప్పటికి ఆ రాజకుమారునికి పన్నెండు, పదమూడేళ్ళే.

చెరువులు తెగిన వేళ

1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదను నగరం నేటికీ మరువలేదు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. ఎగువన గొలుసుకట్టు చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. పై చెరువు తెగితే కింది చెరువు నిలవదన్న సంగతి రైతులకు చెప్పనక్కరలేదు. అలా తెగినవి రెండు వందలకు పైమాటే. సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మిగతా వంతెనలు కొట్టుకుపోగా, పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. తరువాత మరమ్మతు చేశారు.

నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఎగువనే ఆపాలన్న ఆయన సలహాతో మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

మళ్ళీ అదే నెల

ఆ జలాశయాలున్నా ముప్పు పూర్తిగా తొలగలేదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి గేట్లు ఎత్తి నీరు వదలగా మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వరద చొచ్చుకు వచ్చింది. పల్లెలకు వెళ్ళవలసిన ప్రయాణికులు చిక్కుకుపోయారు. మూసారంబాగ్ వంతెన మునిగింది. 1908 నాటి వరద కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే రావడం గమనార్హం.

జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. భూమికి ధర వస్తుందన్న ఆశ రైతుకు ఉండడం సహజమే. కాని వాగులు, చెరువు శిఖాలు పూడ్చి ఇళ్ళు కడితే నీరు ఎటు పోవాలి? పాత వంతెన రాళ్ళు ఎన్ని వరదలకైనా ఓర్చవచ్చు. ఒడ్డున ఉన్న గుడిసెలు ఓర్వలేవు. గేట్లు ఎత్తే ముందు దిగువ బస్తీలకు వేళకు కబురు అందించడం, ఎగువన చెరువు కట్టలను వానలకు ముందే బాగు చేయించడం అధికారుల తక్షణ కర్తవ్యం.