పాట పుట్టిన చోటు పోతే ఏం పోతుంది?

ఇవాళ న్యూయార్క్‌లో మొదలుపెట్టి మన వరంగల్‌కి వద్దాం.

1973లో న్యూయార్క్‌లో సీబీజీబీ అని ఒక చిన్న బార్ తెరిచారు. పంక్ రాక్ పెరిగింది అక్కడే. రమోన్స్, పాటీ స్మిత్ అక్కడ పాడినవాళ్లే. పంక్ చెప్పింది ఒక్కటే: నువ్వు పెద్ద విద్వాంసుడివి కానక్కర్లేదు, చెప్పాల్సింది ఉంటే స్టేజ్ ఎక్కు. అద్దె గొడవతో 2006లో అది మూతపడింది. తర్వాత అక్కడ ఖరీదైన బట్టల షాపు వచ్చింది.

లండన్‌లో హండ్రెడ్ క్లబ్ కథ వేరు. 1976లో పంక్ ఫెస్టివల్ జరిగింది అందులోనే. 2020లో అక్కడి కౌన్సిల్ దానికి పన్ను మినహాయింపు ఇచ్చింది. అంటే చరిత్ర అని బోర్డు పెడితే సరిపోదు, నడిపేవాళ్లకి ఖర్చు తగ్గాలి.

మరి మన దగ్గర? పంక్ లేదు. గొంగడి, కర్ర, డప్పుతో గద్దరన్న ఉండేవాడు. 1990 మేలో వరంగల్‌లో రైతు కూలీ సంఘం సభలకి లక్షల మంది వచ్చారు. ఈ పాటకి క్లబ్ లేదు, టికెట్ లేదు. మైదానమే స్టేజ్. సభ అయిపోయాక కాపాడుకోడానికి గోడ కూడా మిగలదు. 2023లో గద్దరన్న కూడా పోయాడు.

సాఫ్ట్‌వేర్‌లో నేను నేర్చుకున్న రూల్ ఒకటుంది: ఒక్క కాపీయే ఉందంటే బ్యాకప్ లేనట్టే. ఇక్కడ ఆ ఒక్క కాపీ మన పెద్దోళ్ల జ్ఞాపకం. కాబట్టి ఇంట్లో అమ్మనో, పెద్దనాన్ననో అడగండి. ఏ మైదానం, ఏ సంవత్సరం, పక్కన ఎవరు కూర్చున్నారు? వాళ్లు సరే అంటే ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఫైల్‌కి ఊరు, తేదీ పేరు పెట్టి రెండు చోట్ల దాచండి.

గోడలు లేని చోటుని కాపాడాలంటే ఇదే దారి.