కొండ మీద సత్రం

స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ నుంచి గోర్నర్‌గ్రాట్ కొండకు ఎక్కే రైలు రోటెన్‌బోడెన్ స్టేషన్‌లో ఆగగానే కొందరు దిగిపోతారు. మిగతావాళ్లు ఇంకా పైకి వెళ్లి మాటర్‌హార్న్ శిఖరం ముందు ఫొటోలు దిగుతారు. దిగినవాళ్లు మాత్రం బూట్ల తాళ్లు బిగించుకుని హిమానీనదం వైపు నడక మొదలుపెడతారు. రాళ్లూ మంచూ దాటుకుంటూ గంటల తరబడి నడిచాక, బండల మధ్య వెండిలా మెరిసే పటికబెల్లం ముక్క లాంటిది కనిపిస్తుంది. 2,883 మీటర్ల ఎత్తున ఉన్న మోంటే రోజా గుడిసె అదే.

గుడిసె అనడం అక్కడి వాడుక. నిజానికి అది అయిదంతస్తుల ఇల్లు, 120 మందికి పడక. తెలుగులో దానికి సరైన మాట సత్రం. అయితే మన సత్రం పక్కన బావి ఉంటుంది, నాలుగడుగుల్లో బజారు ఉంటుంది. కొండ మీద రోడ్డు లేదు, కరెంటు తీగ లేదు, నీటి గొట్టం లేదు, మురుగు పోయే కాలువ లేదు. కావలసిన ప్రతి వస్తువునూ పైకి మోయాలి. మిగిలిన చెత్తను కిందికి మోయాలి. అలాంటి చోట కొండను పాడుచేయకుండా వందమందికి ఆశ్రయం ఇవ్వడం ఎలా?

అక్కడ మొదటి గుడిసె 1895లో వెలిసింది. ఇప్పటిదాన్ని, జూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం తన 150 ఏళ్ల పండుగ గుర్తుగా, స్విస్ ఆల్పైన్ క్లబ్బుతో కలిసి తలపెట్టింది. ఆచార్యుడు ఆండ్రియా డెప్లాజెస్ దగ్గర చదివే విద్యార్థులు దీని నమూనాల మీద పనిచేశారు. 2009లో పూర్తయింది. కొండ మీద పని చేయగలిగేది వేసవి నెలల్లోనే కాబట్టి కలప భాగాలన్నీ కింద కార్ఖానాలో కొలత ప్రకారం కోసి, హెలికాప్టర్లలో పైకి చేర్చి బిగించారు. సుమారు 3 వేల విమాన యాత్రలు పట్టాయి. గోడ ఎంత బరువుండాలన్నది ఇక్కడ సొగసుకు సంబంధించిన ప్రశ్న కాదు, ఇంధనానికి సంబంధించిన లెక్క.

లోపల కలప, పైన అల్యూమినియం తొడుగు, దక్షిణం వైపు సౌర ఫలకాలు. మెట్లు బయటి గోడ వెంబడే మెలితిరుగుతూ పైకి పోతాయి. వాటి పక్కన గాజు పట్టీ సూర్యుడి దారినే చుట్టుకుంటూ సాగుతుంది. ఎండకు అక్కడ వేడెక్కిన గాలిని గదుల్లోకి పంపుతారు. మెట్లెక్కేవాడికి కొండలు కనిపిస్తాయి, పడుకున్నవాడికి వెచ్చదనం అందుతుంది. ఒకే పనితో రెండు ప్రయోజనాలు సాధించడం మంచి గుడిసె లక్షణం.

నీళ్ల సంగతి ఇంకా కష్టం. చుట్టూ ఉన్నదంతా నీరే, కాకపోతే గడ్డకట్టిన నీరు. అది కరిగేది ఏడాదిలో కొద్ది నెలలే. అందుకని గుడిసెకు 40 మీటర్ల పైన బండను తొలిచి 200 ఘనపు మీటర్ల తొట్టి కట్టారు. కరిగిన నీటిని అందులో దాచుకుంటారు, వాడిన నీటిని శుద్ధిచేసి మరుగుదొడ్లకు మళ్లిస్తారు. రేపు ఎండ కాస్తుందా, ఎంతమంది వస్తారన్న వివరాలు కూడా కంప్యూటరుకు అందుతాయి. ఆ లెక్కన బ్యాటరీని, మురుగుశుద్ధిని ముందే సర్దుకుంటుంది. అవసరమైన శక్తిలో 90 శాతం అక్కడికక్కడే సంపాదించాలన్నది లక్ష్యం.

తర్వాత జనం వచ్చారు, అనుకున్నదానికంటే ఎక్కువగా వచ్చారు. కొత్త గుడిసె అందమే దానికి భారమైంది. మనుషులు పెరిగితే మురుగు పెరుగుతుంది, దాన్ని శుద్ధి చేయడానికి కరెంటు ఖర్చు పెరుగుతుంది. సూర్యుడి లెక్క చక్కగానే కుదిరింది, మనుషుల లెక్కే తప్పింది. ఈ కథలో గట్టిగా గుర్తుపెట్టుకోవలసినది ఇదేననిపిస్తుంది. ఎంత తెలివైన కట్టడమైనా ఇంతమందికే అని హద్దు గీసుకోకపోతే అలసిపోతుంది. కింద హిమానీనదమూ తరుగుతోంది. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి. మంచు తగ్గేకొద్దీ గుడిసెకు వెళ్లే బాటనూ మార్చుకోవలసి వచ్చింది.

అదే చలికి లడఖ్‌లో వెతుక్కున్న జవాబులో ఇంత యంత్రాంగం లేదు. లేహ్‌కు దగ్గరలో ఫే గ్రామం వద్ద ఉన్న సెక్మోల్ ప్రాంగణం నిజానికి గుడిసె కాదు, బడి. సోనమ్ వాంగ్‌చుక్, ఆయన సహచరులు 1988లో ప్రారంభించిన సంస్థ. పది తప్పిన పిల్లలకు అక్కడ చోటిస్తారు. దిమ్మిస కొట్టిన మట్టిగోడలు, దక్షిణానికి పెద్ద కిటికీలు, చలికాలంలో గోడకు ఆనించి కట్టే ప్లాస్టిక్ పందిరి, అంతే. బయట ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పడిపోయినా, పొయ్యి రాజేయకుండానే గదుల్లో కూర్చుని చదువుకోవచ్చు. పగలు మట్టి తాగిన ఎండే రాత్రికి తిరిగి వస్తుంది. మట్టి కట్టడాలకిచ్చే అంతర్జాతీయ టెర్రా పురస్కారం 2016లో దీనికి దక్కింది. వంట, పాలు పితకడం, సౌర ఫలకాల బాగోగులు అన్నీ పిల్లలవే. మరుగుదొడ్డి లడఖీల పాత పద్ధతిలో ఉంటుంది. చుక్క నీరు అక్కర్లేదు, పైనుంచి మట్టి వేస్తే చాలు. కొన్నాళ్లకు అదే పొలానికి ఎరువవుతుంది.

లడఖ్ పల్లెల్లో ఇంకో అలవాటు ఉంది. చలికాలంలో ఇల్లంతా వెచ్చబెట్టరు. పొయ్యి ఉన్న వంటగదిలోనే కుటుంబమంతా చేరుతుంది. ఆల్ప్స్ గుడిసెల్లోనూ అంతే, భోజనశాల వెచ్చగా, పడకగదులు చల్లగా ఉంటాయి. గుమ్మంలోనే బూట్లు విప్పి చెప్పులు తొడుక్కున్నవాళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు, ఒకే పొడుగు బల్ల దగ్గర సర్దుకుంటారు. రాత్రి పదయ్యేసరికి సద్దుమణగాలి. కట్టెలు ఆదా చేయడానికి పుట్టిన ఏర్పాటే నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టింది. ధ్యానమందిరమని బోర్డు పెట్టకుండానే మనిషి నెమ్మదిస్తాడు.

మన దగ్గర పాడేరు పక్కన వనజంగి కొండ ఉంది. చలికాలం తెల్లవారుజామున మేఘాల సముద్రం చూడ్డానికి జనం బారులు తీరతారు. వాళ్లు దిగిపోయాక ప్లాస్టిక్ మిగులుతుంది. అక్కడ ఒక మంచి విడిది కట్టాలని ఎవరికైనా బుద్ధి పుడితే, నమూనా కోసం మొదట ఉత్తరాంధ్ర చుట్టిళ్లను చూడాలి. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా వాలిన తాటాకు కప్పు. తుపాను గాలికి ఢీకొనడానికి మూల దొరకదు. పక్కకు జారిపోతుంది.

పశ్చిమ నార్వేలోని టుంగెస్టోలెన్‌లో ఇదే తెలివి మరో రూపం తొడుక్కుంది. 2011 డిసెంబరులో డాగ్‌మార్ తుపాను అక్కడి పాత గుడిసెలను తుడిచిపెట్టింది. వాటి స్థానంలో స్నోహెట్టా సంస్థ గీసిన కొత్త గుడిసెలు 2019లో తెరుచుకున్నాయి. కలప దూలాల చట్రం, పైన్ చెక్కల తొడుగు. లోయలోంచి ఎగబాకే గాలి జోరు తగ్గేలా గోడలను పక్షిముక్కులా బయటికి పొడుచుకొచ్చేట్టు మలిచారు. మూలను దాచుకోవడం మన పద్ధతి, మూలనే ముందుకు తేవడం వాళ్ల పద్ధతి.

నార్వేజియన్ ట్రెక్కింగ్ అసోసియేషన్ 1868లో పుట్టింది. దాని చేతిలో 550కి పైగా గుడిసెలున్నాయి. వాటిలో చాలావాటికి కాపలాదారు ఉండడు. సభ్యుడి దగ్గరున్న తాళంచెవితో తలుపు తెరుచుకుంటుంది. కొన్నిచోట్ల అల్మారాలో డబ్బా తిండి, పిండి, కాఫీపొడి ఉంటాయి. తిన్నది కాగితం మీద రాసి, ఆ మేరకు డబ్బు కట్టాలి. అడిగేవాళ్లుండరు. కట్టెలు కొట్టుకోవడం, వాగు నుంచి నీళ్లు మోసుకోవడం వచ్చినవాళ్ల పనే. పొద్దున్నే నేల తుడిచి, గిన్నెలు బోర్లించి, పొయ్యి పక్కన ఎండు కట్టెలు పేర్చి, పుస్తకంలో పేరూ వెళ్లే దారీ రాసి తలుపు మూస్తారు. సాయంత్రానికి ఎవరో తడిసి వస్తారు. అగ్గిపుల్ల గీయడమే తరువాయి.