సీటు కుదిరితేనే బెల్టు పనిచేసేది

కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్లు బానెట్ చివర కనబడాలని సీటు బాగా ముందుకు లాక్కుంటారు. ఛాతీ స్టీరింగ్‌కి ఆనుతుందా అన్నట్టు కూర్చుంటారు. చెయ్యి తిరిగాక వరస మారిపోతుంది. సీటు వెనక్కి వాలుతుంది, ఒక మోచెయ్యి కిటికీ ఎక్కుతుంది. రెండూ తప్పే. ఎందుకో తెలియాలంటే కారు గుద్దుకున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఆ వేగంతో కారు గోడను గుద్దితే మొత్తం వ్యవహారం సెకనులో పదో వంతు అటూఇటుగా ముగిసిపోతుంది. కారు ఆగినా అందులోని మనిషి ఆగడు, అదే ఊపులో ముందుకు పోతాడు. అతణ్ని పట్టి ఆపాల్సింది బెల్టు. స్వీడన్ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో వోల్వో కార్ల కోసం తయారుచేసిన మూడు కొసల బెల్టునే ఇవాళ మనమూ పెట్టుకుంటున్నాం. దాని బలం పట్టీ గట్టిదనంలో ఉన్నంతగా అది ఒంటి మీద ఆనే చోట్లలోనూ ఉంది. పై పట్టీ భుజం మీంచి ఛాతీకి అడ్డంగా రావాలి, కింది పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి. దెబ్బకు ఓర్చుకునేవి ఎముకలే. ఆ భారం పొట్ట మీద పడకూడదు.

హైవే ఎక్కగానే డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లు సీటు పూర్తిగా వాల్చేసి కునుకు తీయడం మనకు మామూలు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే కార్లలోకి తొంగిచూస్తే తెలుస్తుంది. బెల్టు పెట్టుకున్నాం కదా అని ధీమా. కానీ పై పట్టీ కొస తలుపు పక్క స్తంభానికి ఉంటుంది. వీపు వెనక్కి వాలినా అది వాలదు. దాంతో పట్టీకీ ఛాతీకీ మధ్య ఖాళీ వస్తుంది, కింది పట్టీ తుంటి వదిలి పొట్ట మీదికి జరుగుతుంది. కారు గుద్దుకుంటే నడుము బెల్టు కిందనుంచి జారిపోతుంది, దుప్పటి కిందనుంచి పిల్లాడు జారుకున్నట్టు. ఇంజనీర్లు దీన్ని సబ్‌మెరైనింగ్ అంటారు. పేగులకూ వెన్నుకూ తగిలే పెద్ద దెబ్బల్లో కొన్ని ఇలా తగిలేవే. నిద్ర ఆగకపోతే కారు పక్కకు ఆపి పడుకోండి. కదులుతున్న కారులో వాల్చిన సీటు మంచం కాదు.

ఇక మరీ దగ్గరగా కూర్చునేవారి సంగతి. మన దేశంలో అమ్మే కొత్త కార్లలో ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2022 నుంచి తప్పనిసరి. కన్ను మూసి తెరిచేలోపు విచ్చుకునేంత దూకుడు వాటిది. పూర్తిగా విచ్చుకున్న సంచి మనిషిని కాపాడుతుంది, విచ్చుకుంటున్న సంచికి మొహం అడ్డం వస్తే అదే గాయం చేస్తుంది. అందుకే స్టీరింగ్ మధ్యభాగానికీ రొమ్ము ఎముకకూ నడుమ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ చెబుతుంది. పొట్టివాళ్లకు ఇక్కడే చిక్కు. కార్లను గుద్దించి చూసే పరీక్షల్లో మనిషికి బదులుగా ఎక్కువగా వాడే బొమ్మ ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, మన ఆడవాళ్లలో చాలామంది అంతకంటే బాగా తక్కువ. పెడల్ అందాలంటే ముందుకు జరగక తప్పదు. అలాంటప్పుడు సీటు ఎత్తు పెంచి, వీపు భాగాన్ని కొద్దిగా మాత్రం వెనక్కి వంచి, స్టీరింగ్‌ను మొహం వైపు కాకుండా ఛాతీ వైపు ఉండేలా దించితే ఆ దూరం చాలావరకు దొరుకుతుంది.

సీటు బాగా వాల్చకూడదంటే మరి నడుం నొప్పి మాటేమిటి? స్వీడన్ ఎముకల డాక్టరు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి, అక్కడి ఒత్తిడిని నేరుగా కొలిచాడు. నిలబడ్డప్పటికంటే ఆధారం లేకుండా ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేలింది. వీపు కాస్త వెనక్కి వాలి, నడుము ఒంపుకు ఆధారం దొరికితే అది తగ్గుతుందని ఆ తర్వాతి కొలతలు చూపాయి. సీటు అడుగుకూ వీపు భాగానికీ మధ్య 100 నుంచి 110 డిగ్రీల కోణం చాలు. బెల్టు ఒంటికి అంటుకుని ఉండటానికీ ఇదే సరిపోతుంది. హాయికీ భద్రతకూ తగువు ఉందనుకోవడం అపోహ. సీటులో నడుముకు ఎత్తు లేకపోతే చిన్న టవల్ చుట్టి పెట్టుకోవచ్చు. వెనక జేబులో పర్సు మాత్రం తీసేయండి. దాని మీద గంటలకొద్దీ కూర్చుంటే తుంటి ఓ పక్కకు ఒరిగి, కాలిలోకి దిగే నరం నొక్కుకుంటుంది.

హెడ్‌రెస్ట్‌ను చాలామంది దిండనుకుంటారు. అది మెడను కాపాడే సాధనం. వెనకనుంచి వేరే బండి గుద్దితే సీటు వీపును ముందుకు నెడుతుంది, తల వెనకబడిపోతుంది, ఆ లాగుడంతా మెడ భరించాలి. హెడ్‌రెస్ట్ పై అంచు నడినెత్తి ఎత్తుకు రావాలి, తలకు దానికీ మధ్య ఖాళీ ఎంత తక్కువుంటే అంత మేలు. వెనక సీట్లవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

సర్దుకోవడానికి ఒక వరస ఉంది. ముందు పిరుదులు సీటు మూలకంటా ఆనించి కూర్చోండి. క్లచ్ అడుగంటా తొక్కినా, ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కినా, మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చేతులు చాపితే మణికట్లు స్టీరింగ్ పైఅంచు మీద వాలాలి. ఆ తర్వాత హెడ్‌రెస్ట్, బెల్టు. అద్దాలు అన్నిటికంటే చివర, ఎందుకంటే సీటు జరిగితే చూపూ మారుతుంది. సీటులోనే పక్క ఎయిర్‌బ్యాగు ఉన్న కారైతే దాన్ని మూసేసే సీటు కవరు వేయించకండి.

ఇదంతా బండి ఆగి ఉన్నప్పుడే చేయాలి. సీటు జరిపే లివర్ వదిలాక ఒంటితో సీటును ముందుకూ వెనక్కీ ఒకసారి ఊపి చూడండి. టక్కున లాక్ పడిందని తేలాకే బండి కదిలించండి.