చదువు చాలదా, సంఘాలెందుకు?

అమెరికాలో వైద్యుల పేర్ల పక్కన రెండు రకాల పట్టాలు కనిపిస్తాయి. ఒకటి మనకు చిరపరిచితమైన ఎం.డి.; రెండవది డి.ఓ. ఈ రెండవ పట్టా సంగతి మన కుటుంబాలలో చాలామందికి కొత్త. డాలస్‌లోనో షికాగోలోనో స్థిరపడిన బంధువుల అమ్మాయికి ఆస్టియోపతిక్ వైద్య కళాశాలలో సీటు వచ్చిందని వినగానే గుంటూరులోని నానీ, కర్నూలులోని మామూజాన్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “అది డాక్టరు చదువేనా?” కొందరు దానిని హోమియోపతి అని పొరబడతారు. ‘ఆస్టియో’ అంటే ఎముక అని తెలిసినవారికి పుత్తూరు కట్టు జ్ఞాపకం వస్తుంది.

అది సంపూర్ణమైన వైద్య విద్యే. డిగ్రీ పూర్తయిన తరువాత నాలుగేళ్ల చదువు, ఆపైన రెసిడెన్సీ శిక్షణ. అమెరికాలో ఎం.డి. అన్నా మన ఎం.బి.బి.ఎస్. వలె వైద్యానికి తొలి పట్టాయే గనుక, డి.ఓ. దానికి సమానమైన పట్టా అని గ్రహిస్తే చాలు. డి.ఓ. వైద్యులు మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు, యాభై రాష్ట్రాలలోనూ లైసెన్సు పొందుతారు. నేడు ఆ దేశంలో వైద్యం చదువుతున్నవారిలో నాలుగో వంతుకు పైగా ఈ కళాశాలలలోనే ఉన్నారు. వీరికి అదనంగా, చేతులతో కండరాలనూ కీళ్లనూ పరీక్షించి సరిచేసే పద్ధతిలో సుమారు 200 గంటల శిక్షణ ఉంటుంది. బ్రిటన్ వంటి దేశాలలో ‘ఆస్టియోపాత్’ అని పిలువబడేవారు మాత్రం వైద్యులు కారు. ఆ చేతి చికిత్సకే పరిమితమైనవారు. ఒకే పేరు రెండు దేశాలలో రెండు అర్థాలు సంతరించుకోవడమే ఈ గందరగోళానికి ముఖ్య కారణం.

సీటు సంబరం ముగిసి పిల్లలు కళాశాలలో చేరిన రెండు మూడు వారాలకే తల్లిదండ్రులకు మరొక సందేహం మొదలవుతుంది. ఫోను చేసినప్పుడల్లా అమ్మాయి ఏదో ఒక సంఘం పేరు చెబుతుంది. ఈ వారం ఒక సభ, వచ్చే వారం మరొక సమావేశం, ఏదో పదవికి ఎన్నిక, దేనికో చందా. “లక్షల డాలర్లు పోసి పంపింది చదువుకోవడానికా, సంఘాలు నడపడానికా?” అని అబ్బా విసుక్కోవడం సహజమే. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. దానిని తరువాత ప్రస్తావిస్తాము. అయితే డి.ఓ. విద్యార్థి విషయంలో సంఘం అనేది కాలక్షేపం కాదని, ఆ వృత్తి పుట్టుకలోనే విద్యార్థి సంఘం ఉన్నదని మొదట తెలుసుకోవాలి.

ఈ వైద్య విధానానికి మూలపురుషుడు ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు. 1864లో మెదడు పొరలకు సోకే జ్వరం ఆయన ఇంట ముగ్గురు పిల్లలను బలిగొన్నది. తనకు తెలిసిన వైద్యం తన బిడ్డలనే కాపాడలేకపోయిందన్న వేదన ఆయనను కొత్త దారి వెదికేలా చేసింది. నాటి మందులలో అనేకం మేలుకన్నా కీడే ఎక్కువగా చేసేవన్నది గమనార్హం. 1874లో ఆయన తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కర్క్స్‌విల్ అనే చిన్న పట్టణంలో మొదటి పాఠశాల తెరిచాడు. స్త్రీలకు వైద్య కళాశాలల ద్వారాలు చాలావరకు మూసి ఉన్న ఆ రోజులలో, ఆయన తొలి తరగతిలోనే స్త్రీలు కూర్చున్నారు.

అయిదేళ్లు తిరగకుండానే, 1897 ఏప్రిల్‌లో, ఆ పాఠశాల విద్యార్థులే కూడి ఒక జాతీయ సంఘాన్ని స్థాపించారు. నేడు అమెరికన్ ఆస్టియోపతిక్ అసోసియేషన్ అనే పేరుతో షికాగో కేంద్రంగా పనిచేస్తున్న మహాసంస్థకు అదే ఆది. సాధారణంగా ఏ వృత్తిలోనైనా పెద్దలు సంఘం పెడతారు, విద్యార్థులు దానికి అనుబంధంగా చేరతారు. ఇక్కడ క్రమం తలకిందులైంది. కారణం ఊహించడం కష్టం కాదు. పట్టా చేతికి వచ్చినా దానిని గుర్తించే చట్టం లేకపోతే ఆ పట్టాకు విలువేమిటి? వేరొకరు వచ్చి తమ హక్కుల కోసం పోరాడతారని ఎదురుచూసే వ్యవధి ఆ విద్యార్థులకు లేదు.

ఆ పోరాటం సుదీర్ఘంగా సాగింది. 1901లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ్యుల ముందు వీరి పక్షాన మాట్లాడినవారిలో సుప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ ఒకడు. అరవై ఏళ్ల తరువాత కాలిఫోర్నియాలో జరిగిన సంఘటన వేరొక పాఠం. అక్కడి ఎం.డి.ల సంఘం, డి.ఓ.ల సంఘం 1961లో విలీన ఒప్పందం చేసుకున్నాయి. 65 డాలర్ల రుసుము కట్టిన డి.ఓ.లకు ఎం.డి. పట్టా ఇచ్చారు, రెండు వేలకు పైగా వైద్యులు తీసుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లోని వారి కళాశాల కూడా ఎం.డి. కళాశాలగా మారిపోయింది. ఆ రాష్ట్రంలో కొత్తగా డి.ఓ. లైసెన్సు ఇవ్వడం ఆపివేశారు. పోరాడి సాధించుకున్న గుర్తింపు ఒక ఒప్పందంతో, ఒక ప్రజాభిప్రాయ సేకరణతో ఒక రాష్ట్రమంతటా తుడిచిపెట్టుకుపోయింది. 1974లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చేవరకు ద్వారాలు తెరుచుకోలేదు. ఈలోగా 1966లో సైనిక వైద్య సేవలోనూ, 1973 నాటికి యాభై రాష్ట్రాలలోనూ డి.ఓ.లకు సమాన స్థానం లభించింది.

అల్పసంఖ్యాకులుగా జీవించడం ఎలా ఉంటుందో మన పాఠకులకు వివరించనవసరం లేదు. సంఖ్యలో తక్కువైనవారికి గుర్తింపు ఒకసారి లభిస్తే సరిపోదు, దానిని అనుదినం కాపాడుకోవాలి. డి.ఓ. కళాశాలలలో సంఘ జీవితం అంత చురుకుగా ఉండడానికి మూలం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

ఇప్పుడున్న సంఘాలలో విస్తృతమైనది 1970లో ఏర్పడిన స్టూడెంట్ ఆస్టియోపతిక్ మెడికల్ అసోసియేషన్. విద్యార్థులు దానిని ‘సోమా’ అంటారు. దేశవ్యాప్తంగా కళాశాలలలో దానికి శాఖలున్నాయి. ప్రతి కళాశాల విద్యార్థి ప్రభుత్వ అధ్యక్షులూ కలిసిన మండలి వేరుగా ఉంది. ఏటా విద్యార్థులు, వైద్యులు కలిసి వాషింగ్టన్‌లో శాసనసభ్యులను కలుసుకునే కార్యక్రమానికి ‘డి.ఓ. డే’ అని పేరు. తెల్లకోట్లు ధరించిన యువతీ యువకులు గుంపులుగా సభ్యుల కార్యాలయాలకు వెళ్లి, ఉన్న కొద్ది నిమిషాలలో తమ మాట చెప్పి వస్తారు. పల్లె ప్రాంతాల చికిత్సా కేంద్రాలలో రెసిడెన్సీ శిక్షణకు నిధులు కావాలన్నది వారు తరచుగా వినిపించే విన్నపాలలో ఒకటి.

మరొక విన్నపం మన ఇళ్లకు మరీ దగ్గరిది. ఈ కళాశాలలలో అధికభాగం ప్రైవేటువి, ఫీజులు అధికం. విద్యార్థులలో ఎక్కువమంది అప్పు చేసి చదువుతారు. రెసిడెన్సీ జీతంతో అసలు తీర్చడం ఎలాగూ సాధ్యం కాదు; ఆ సంవత్సరాలలో వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రెసిడెన్సీ ముగిసేవరకు ఆ వడ్డీని నిలిపివేయాలన్న బిల్లును ఆస్టియోపతిక్ సంఘాలు సమర్థిస్తూ వస్తున్నాయి. పలుమార్లు ప్రతిపాదించినా అది చట్టం కాలేదు. వడ్డీ అన్న మాట వినగానే కలతచెందే కుటుంబం నుండి వెళ్లిన విద్యార్థి ఆ విన్నపాన్ని శాసనసభ్యుని ముందు ఉంచుతుంటే, దానిని వృథా కాలక్షేపమని ఎలా అనగలం?

చేతి చికిత్సకు సంబంధించిన సంఘం వేరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆస్టియోపతికి అనుబంధమైన విద్యార్థి శాఖలు ప్రతి కళాశాలలోనూ సాయంకాలపు అభ్యాసాలు నిర్వహిస్తాయి. రెండో సంవత్సరం వారు మొదటి సంవత్సరం వారికి నేర్పుతారు. పుస్తకంలో చదివి నేర్చుకోలేని విద్య ఇది. వేలికొసలకు పట్టుబడాలంటే మరొక మనిషి వీపు మీద, మెడ మీద చేయి పెట్టి పదేపదే సాధన చేయాలి. తరగతిలో విద్యార్థులు ఒకరికొకరు రోగులై, వైద్యులై ఈ సాధన చేస్తారు.

మన ఆడపిల్లల తల్లిదండ్రులను నిజంగా కలవరపెట్టేది ఈ తరగతే. పొట్టి దుస్తులు ధరించాలని, వీపు కనిపించాలని, జతగా ఎవరు వస్తారో తెలియదని విన్నప్పుడు ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. మగపిల్లలకూ ఈ ఇబ్బంది లేకపోలేదు, కానీ ఆ ఊసు ఎవరూ ఎత్తరు. నియమాలు ఒక్కో కళాశాలలో ఒక్కో విధంగా ఉంటాయి. ముందుగా అడిగినవారికి ఆడపిల్లతోనే జత కూర్చడం, తెర వెనుక బల్ల కేటాయించడం, వెనుక తెరుచుకునే గౌను అనుమతించడం వంటి ఏర్పాట్లు చేసే కళాశాలలు ఉన్నాయి. అయితే ఒంటరిగా ఒక అమ్మాయి మొదటి వారంలోనే అధ్యాపకుని ముందు నిలబడి ఈ మాట అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. అంతకుముందు ఏడాది అడిగి సాధించుకున్న అక్క ఎవరో సంఘంలో ఉంటే సగం భారం తగ్గుతుంది. వైద్య అవసరంలో దేనికి ఎంతవరకు అనుమతి ఉన్నదన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవలసిన విషయం. ఆ చర్చ ఇక్కడ చేయబోము.

అక్కడి ముస్లిం విద్యార్థుల కూటమికి చరిత్ర ఉన్నది. ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్ 1963లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ముస్లిం వైద్యుల సంఘం ‘ఇమానా’ 1967లో ఏర్పడింది. వైద్య విద్యార్థులకూ అందులో చోటుంది. జుమా వేళకు పరీక్ష పడితే ఎవరిని అడగాలి, రంజాన్‌లో రాత్రి డ్యూటీ చేసేవారు సహరీ, ఇఫ్తార్ ఎలా గడుపుతారు, ఆపరేషన్ గదిలో హిజాబ్ మీద ఏమి ధరించాలి వంటి చిన్న చిన్న సమాచారమంతా ఇటువంటి కూటములలోనే చేతులు మారుతుంది. విద్యార్థుల కూటమి ఎంత దూరం వెళ్లగలదో చూపే ఉదాహరణ లాస్ ఏంజెలెస్‌లోని ఉమ్మా క్లినిక్. ఎం.డి. కళాశాలలలో చదువుతున్న ముస్లిం విద్యార్థుల సంకల్పంతో 1996లో నగరపు దక్షిణ భాగంలోని పేదల పేటలో అది తెరుచుకుంది. రోగి మతం అడగకుండా నేటికీ వైద్యం చేస్తున్నది.

ఇక అబ్బా విసుగులోని న్యాయం సంగతి. కుటుంబ వైద్యం, శస్త్రచికిత్స, పిల్లల వైద్యం, అత్యవసర వైద్యం అంటూ ప్రతి శాఖకూ ఒక సంఘం ఉంటుంది. 1921 నాటి సిగ్మా సిగ్మా ఫై వంటి గౌరవ సంఘాలు వేరు. 2022 నుండి తొలి దశ లైసెన్సు పరీక్షలో మార్కులు పోయి ఉత్తీర్ణత మాత్రమే మిగిలింది. దాంతో రెసిడెన్సీ దరఖాస్తులో తక్కిన విషయాల విలువ పెరిగిందన్న ఆరాటంలో కొందరు దొరికిన పదవినల్లా పోగుచేస్తున్నారు. అయిదు సంఘాలకు ఉపాధ్యక్షుడై ఒక్కదానికీ పని చేయనివాని వల్ల ఎవరికి లాభం? దరఖాస్తులోనే ఇప్పుడు పది అనుభవాలకు మించి చోటు లేదు. అందులో మూడింటినే ముఖ్యమైనవిగా చూపాలి. చదువు వెనుకబడి పరీక్ష తప్పినవానిని ఏ పదవీ గట్టెక్కించలేదు. కొన్ని విందులలో మద్యం ఉంటుందన్నదీ వాస్తవమే. సభకు వెళ్లి విందుకు ముందే వచ్చివేసే పిల్లలూ ఉన్నారు.

మరొక సంఘాన్ని గురించి మన పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. అది విద్యార్థుల కోసం కాదు, వారి భార్యల కోసం, భర్తల కోసం, పిల్లల కోసం. చాలా డి.ఓ. కళాశాలలలో కుటుంబ సభ్యుల సంఘం ఒకటి ఉంటుంది. ఈ కళాశాలలు అనేకం చిన్న పట్టణాలలో ఉన్నాయి: మిస్సోరిలో కర్క్స్‌విల్, కెంటకీలో పైక్‌విల్, పశ్చిమ వర్జీనియాలో లూయిస్‌బర్గ్. హైదరాబాదు నుండి నికాహ్ చేసుకుని వెళ్లిన అమ్మాయికి అక్కడ అమ్మీ లేదు, పొరుగింటి ఖాలా లేదు, హలాల్ మాంసం కోసం గంటల ప్రయాణం. భర్త తెల్లవారుజామున వెళ్లి రాత్రి పుస్తకాలతో తిరిగి వస్తాడు. ఆ ఒంటరితనం కాపురాలనే కుదిపిన సందర్భాలను మనం వినకపోలేదు. కలిసి భోజనం చేయడం, పిల్లలను ఒకచోట ఆడించడం, కొత్తగా వచ్చినవారిని కారులో బజారుకు తీసుకువెళ్లడం... ఈ సంఘాలు చేసేది పైకి చిన్న పనే. సంబంధం కుదుర్చుకునే ముందు వరుడు ఏ ఊరిలో చదువుతున్నాడని అడిగే పెద్దలు, ఆ ఊరిలో ఇటువంటి కూటమి ఉన్నదా అని కూడా అడిగితే బాగుంటుంది.

సంఘాలకు దొరికే కాలం తక్కువ. మూడో సంవత్సరం వచ్చేసరికి విద్యార్థులు ఆసుపత్రుల శిక్షణకై వేర్వేరు ఊళ్లకు, కొన్నిసార్లు వేర్వేరు రాష్ట్రాలకు చెదిరిపోతారు. కనుక మొదటి ఏడాది చేరినవారే ఆ ఏడాది చివరికి బాధ్యతలు అందుకుని, రెండో ఏడాది నడిపి, తరువాతివారికి అప్పగించాలి. ప్రవేశం పొందిన మొదటి వారాలలో ఒక రోజు సంఘాలన్నీ బల్లలు వేసుకుని కూర్చుంటాయి. ఆ రోజు ఇంటికి ఫోను వస్తే “ఎన్నిటిలో చేరావు?” అని కాక, “ఎవరితో మాట్లాడావు, వారు గత ఏడాది ఏమి చేశారు?” అని అడిగి చూడండి. చేతి చికిత్స తరగతిలో జత విషయమై ఎవరిని కలవాలో ఆ సాయంకాలమే తెలుసుకోమని అమ్మాయితో చెప్పండి; ఆ తరగతి సాధారణంగా మొదటి నెలలోనే మొదలవుతుంది.