తిరుగబడిన పాట



సంగీతమనగానే మన పెద్దల మనస్సునకు తంబురాశ్రుతియు, త్యాగరాజకృతియు, దేవాలయమున మ్రోగెడి నాగస్వరమును దోచును. అది యుచితమే. కాని నేడు మీ మనుమలు చెవులకు చిన్న యంత్రములు తగిలించుకొని తల యూపుచు వినెడి పాట మఱియొకటి కలదు. దానికి పాశ్చాత్యులు రాక్ అని పేరిడిరి. ఇది పాటయా, కేకలా యని మీలో పలువురు విసుగుకొనుట నే నెఱుగుదును. నేను భాషాప్రవీణుడను, వ్యాకరణమును, కావ్యములను గురుముఖమున చదివి, ముప్పదియేండ్లు మన్యపు బడులలో తెలుగు చెప్పినవాడను. అయినను ఈ పాట యనిన నాకు మిక్కిలి ప్రీతి. ఆ ప్రీతికి కారణమేమి? అందలి తిరుగుబాటు గుణమెట్టిది? అది మనకు నిజముగా క్రొత్తదియేనా? ఈ మూడు ప్రశ్నలకును నాకు తోచిన సమాధానములను మనవి చేయుదును.

ముందుగా దాని పుట్టుక. అమెరికా దక్షిణభాగమున ప్రత్తిచేలలో బానిసలుగా పాటుపడిన నల్లజాతివారు పాడుకొన్న పాటలే దీనికి మూలము. 1865లో శాసనము బానిసత్వమును తొలగించెను గాని అవమానమును తొలగింపలేకపోయెను. ఆ దుఃఖమునుండి వెలువడిన గీతమునకు బ్లూస్ అని పేరు. 1950 దాటిన పిమ్మట ఆ గీతమునకు వేగమును, విద్యుత్తును చేర్చి చక్ బెర్రీ మొదలగు నల్లజాతి గాయకులును, ఎల్విస్ ప్రెస్లీ మొదలగు తెల్లజాతి గాయకులును పాడిరి. నల్లవారు కూర్చున్న బల్లపై తెల్లవారు కూర్చుండని యాకాలమున, నల్లవారి తాళము తెల్లవారి యిండ్లలో మ్రోగుటయే గొప్ప తిరుగుబాటయ్యెను. పిదప ఇంగ్లండున లివర్‌పూల్ రేవుపట్టణమునకు చెందిన నలుగురు యువకులు బీటిల్స్ అను పేర ఆ పాటనే తమ రీతిని నేర్చి, 1964లో అమెరికాకు పోయి, అచ్చటివారికే మరల వినిపించి మెప్పు వడసిరి.

ఇక వాద్యము మాట. విద్యుద్గిటారులలో పెక్కింటికి మన వీణకువలె బోలుకుండ యుండదు. గట్టి కొయ్యపలక మాత్రమే యుండును. ఉక్కుతీగల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగ చుట్టలును అమర్తురు. తీగ కదలగనే ఆ రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని వేఱొక యంత్రము పెంచి ధ్వనిగా మార్చి వినిపించును. ఆ యంత్రము మోయగలిగినదానికి మించి పెంచినచో స్వరము అంచులు తెగి, బొంగురు గర్జనగా మాఱును. మొదట దానిని దోషమనిరి. తరువాత వాదకులు దానినే గుణముగా గ్రహించిరి. ఇది మనకు వింత కారాదు. తంబురా గుఱ్ఱముపై తీగక్రింద సన్నని దారము నుంచి నాదమునకు జీవము కల్పించువారము మనమే. దారము లేని తంబురా స్వరము శుద్ధముగనే యుండును గాని మూగవోయినట్లుండును. మన శ్రీకాకుళపు జముకునుగూడ దలపుడు. తోలునకు బిగించిన తంతిని మీటగా అది తీయగా పలుకదు, గుఱ్ఱుమనును. కథ చెప్పువాని గొంతునకు ఆ గుఱ్ఱే బలము.

తిరుగుబాటు మనకు క్రొత్తదియా యను ప్రశ్న కిక వత్తును. సంగీతశాస్త్రము మార్గము, దేశి యని రెండు తెఱగులు చెప్పినది. రాజాస్థానములు మార్గమును పోషింప, దేశిని ప్రజలే కాపాడుకొనిరి. పండ్రెండు పదుమూడు శతాబ్దుల నాటి పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తములను ప్రక్కకు నెట్టి ద్విపదలో బసవపురాణమును రచించుట యొక తిరుగుబాటే. పండితులకు మాత్రమే యందు ఛందస్సును విడిచి, పదిమంది కూర్చుండి పాడుకొను ఛందస్సు నాతడు చేపట్టెను.

మన కొండలకు రండు. 1882 నాటి మద్రాసు అటవీశాసనము వలన గిరిజనుల పోడువ్యవసాయము నేరమయ్యెను. అడవి వారిది కాకపోయెను. రోడ్డుపనులలో వారిచేత చాలీచాలని కూలికి పని చేయించిరి. ఆ బాధయే 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడిగా బయటపడెను. మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరు చెంత కాల్చివేయబడెను. ఆతని కథను బుఱ్ఱకథగా ఊరూర వినిపించినవారిలో షేక్ నాజరు ముఖ్యుడు. తంబుర భుజమున బెట్టి, వ్రేలి యందెను మ్రోగించుచు, ఇరుప్రక్కల డక్కీలు పలుకగా ఆతడు చెప్పు కథలో హాస్యమునకును, రాజకీయమునకును చోటుండెడిది. సభలో పలుక వీలులేని మాటను వంతపాటగాడు పరిహాసముగా బలికెడివాడు. అదే కాలమున శ్రీకాకుళపు సీమలో జన్మించిన గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనము వలదని పాట కట్టి కారాగారమున కేగెను. తుపాకి చేపట్టనివానిని కేవలము పాటకై చెఱలో నుంచిరనిన, ఆ పాటకు ప్రభుత్వము వెఱచినదని వేఱుగా చెప్పనేల?

స్వాతంత్ర్యానంతరమును ఆ ధార యాగలేదు. వడ్డీవ్యాపారుల చేతిలో భూములు పోగొట్టుకొన్న శ్రీకాకుళపు గిరిజనులు 1967 మొదలు తిరుగబడిరి. సుబ్బారావు పాణిగ్రాహి యను కవి జముకులకథను చేపట్టి ఆ బాధను పాడెను. 1969 డిసెంబరులో పోలీసుల కాల్పులలో మరణించెను. ఆ సంవత్సరముననే ఆగస్టు మాసమున అమెరికాలోని వుడ్‌స్టాక్ ఉత్సవమున నాలుగులక్షలమంది యువజనులు గుమిగూడగా, జిమీ హెండ్రిక్స్ తన దేశపు జాతీయగీతమును గిటారుపై వాయించుచు నడుమ బాంబులు కూలు చప్పుడు వినిపించెను. వియత్నాము యుద్ధకాల మది. ఆతడు మన కొండలను చూడలేదు; మన జముకు ఆ సముద్రము దాటలేదు. అయినను ఒకే యేడాది రెండుచోట్ల తంతి గర్జించినది.

పార్వతీపురము చెంత పెదబొండపల్లిలో 1943లో జన్మించిన వంగపండు ప్రసాదరావు విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో పనివాడై, 1972లో గద్దరు మొదలగువారితో కూడి జననాట్యమండలిని నెలకొల్పెను. 2020లో మరణించువఱకు ఉత్తరాంధ్రపు పలుకుబడితోనే పాడెను. వ్యాకరణదృష్టితో చూచిన అందలి మాటలను గ్రామ్యములందురు. గ్రామమువాని బాధను గ్రామ్యమున గాక మఱి దేనియందు చెప్పవలెను? ఈ మాట నేను వ్యాకరణము నభ్యసించిన పిమ్మటనే యనుచున్నాను.

ఇట్టి పాటలు దేశమేదైనను మూడు లక్షణములు కలిగియుండును. మొదటిది, ఆస్థానభాషను విడిచి ఇంటిభాషను పట్టుట. రెండవది, గొంతును, వాద్యమును హెచ్చించుట. మెల్లగా చెప్పినపుడు విననివాడున్నపుడే మనుష్యుడు బిగ్గఱగా పలుకును. మూడవది, వినువారినిగూడ పాడువారిలో చేర్చుకొనుట. అరకులోయలో థింసా చూడుడు. మోరి ఊదుచు, డప్పు, తుడుము, కిరిడి వాయించుచుండ స్త్రీలు వెనుక చేతులు కలుపుకొని వలయముగా నడతురు. అందు ముందు వరుస లేదు, వెనుక వరుస లేదు. పెద్దదియు చిన్నదియు ఒకే అడుగు వేయవలెను. థింసా తిరుగుబాటుపాట కాదు, పండుగపాట. కాని తిరుగుబాటు కోరునట్టి సమత్వము అచ్చట ముందుగనే యున్నది.

దీనిచే రాక్ పాట యంతయు మంచిదని నేననను. తిరుగుబాటు వేఱు, దురుసుతనము వేఱు. 1967లో మాంటెరీ ఉత్సవమున హెండ్రిక్స్ తన గిటారునకు నిప్పు పెట్టగా, అచ్చట నున్న మన సితారు విద్వాంసుడు రవిశంకరు మిక్కిలి నొచ్చుకొనెను. వాద్యమునకు నమస్కరించి గాని తాకని సంప్రదాయ మాతనిది. నాకును అది రుచింపదు. హెండ్రిక్స్ 1970లో, ఇరువదియేడవ యేట, మత్తుమందుచే మరణించెను. తిరుగుబాటును అంగడిసరకుగా చేసి చొక్కాలపై ముద్రించి అమ్మువారును కలరు. అట్లని దానినే సర్వమనరాదు. బీటిల్స్‌లోని జార్జి హారిసన్ అదే రవిశంకరుతో కలిసి 1971 ఆగస్టు 1న న్యూయార్కున బంగ్లాదేశపు శరణార్థులకై కచేరీ జరిపెను. కావున పాటను పరీక్షించుటకు నేనొక గీటురాయిని వాడుదును: ఆ కేక తన పొగరుకొఱకా, పరుని దుఃఖముకొఱకా?

ఆ కేకకు ఫలమేమని కొందఱడుగుదురు. పాట యొక్కటియే చట్టము చేయదు. కాని శ్రీకాకుళపు అలజడి నడుమనే 1970లో, మన్యమున గిరిజనుల భూమి ఇతరుల కమ్మరాదను నిబంధనను ప్రభుత్వము మఱింత బిగించెను. 2022 ఏప్రిలులో పాడేరు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టిరి. ఒకనాడు దొరలు వేటాడిన మనుష్యుని పేరు నేడు ప్రభుత్వపు కాగితములపై నున్నది. ఆ పేరును అంతవఱకు నిలిపినవారిలో కథకులును, గాయకులును కలరు.

పెద్దలకు నా మనవి యొక్కటి. మీ మనుమడు ఆ యంత్రము చెవిని బెట్టుకొన్నపుడు దానిని లాగివేయకుడు. ఆ పాట యెవరిది, యేమి బాధపై కట్టినది యని అడుగుడు. చెప్పలేకపోయినచో తెలిసికొని రమ్మనుడు. పిదప మీ యూరి పాట నొకటి వానికి వినిపింపుడు. అరకులో థింసా నేడు యాత్రికుల వినోదమునకై ఆడబడుచున్నది. ఆట నిలిచినది గాని, దాని వెంటనున్న పాటల యర్థము తెలిసిన ముసలివారు తగ్గుచున్నారు. జముకు వాయించువారును అంతే. ఆ పాటలను మీలో వ్రాతవచ్చినవారు వ్రాసి యుంచుడు, వ్రాయలేనివారు పిల్లల యంత్రములలోనే పాడి యుంచుడు. పరదేశపు తిరుగుబాటుపాటను ప్రేమించు బాలుడు తన కొండపాటను వినినచో త్రోసిపుచ్చడు. వానికి దానిని వినిపించువారు మాత్రము కావలెను.